తోరణం మీద పేరు

పొద్దున్నుంచీ ఫోను మోగుతూనే ఉంది. శివపార్వతి ఎత్తడం మానేసింది.

ఎత్తితే అందరిదీ ఒకటే మాట. "ఎంత పనయిందమ్మా! ఎప్పుడు తెలిసింది? మాకొక మాటన్నా చెప్పకపోతిరే!" ఏమని చెబుతుంది? తనకే నిన్న సందెవేళ తెలిసింది. అదీ పదిమందితో పాటు వీధిలో నిలబడి, తలెత్తి చదువుకుంటే.

మళ్లీ మోగింది. ఈసారి రమణి ఎత్తింది. ఇంటర్ చదివే పిల్ల. తల్లి మొహం వైపు చూడలేక స్పీకరు పెట్టి మంచం మీద పడేసింది.

"అమ్మా పార్వతీ, నేను నాగులు మామను, పుల్లలచెరువు నుంచి. ఫొటో చూసినాం. మీ అత్తా నేనూ తలకు నీళ్లు పోసుకున్నాం. బోరు ఎండిపోయింది, తాగేదానికి ట్యాంకరు నీళ్లే. అయినా దాయాదులం, తప్పదు గదా! సాయంత్రం బస్సుకు వస్తాం. కర్మ ఏ పొద్దు పెట్టుకున్నారు?"

శివపార్వతి ఫోను అందుకుంది.

"నీళ్లెందుకు పోసుకున్నావు మామా? ఎవురు పోయినారని?"

అవతల ఎవరో బిందెలు దించుతున్న చప్పుడు వినిపించింది.

"అది కాదమ్మా... లైట్లలో రాసినారు గదా," అన్నాడు నాగులు.

నిజమే, లైట్లలో రాశారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. రంగురంగుల దీపాలతో రాసి వీధి మొగదల నిలబెడితే ఇంక అతక్కేం చేస్తుంది!

మార్కాపురం ఎగువవీధి లైటింగ్ కమిటీ ఈ ఏడు తిరునాళ్లకు పాత బల్బుల సీరియళ్లన్నీ తీసేసి, మొత్తం ఎల్‌ఇడి దీపాలు చేయించింది. వీధి మొదట్లో పెద్ద తోరణం. దాని నెత్తిన శంఖచక్రాలు, కింద రంగులు మారే బోర్డు. నిన్న సాయంత్రం ట్రయల్ వేస్తే ఆ బోర్డు ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతూ ఒకే మాట చెప్పింది. దాత: కీర్తిశేషులు వెంకటకృష్ణ జ్ఞాపకార్థం, కుటుంబసభ్యులు.

వెంకటకృష్ణ శివపార్వతి మొగుడు. ఏడేళ్ల కిందట మేత కోసం గొర్రెల మంద తోలుకుని నల్లమల దాటి పోయాడు. మంద తిరిగొచ్చింది, మనిషి రాలేదు. అంతే తప్ప చనిపోయాడని చెప్పినవాడు లేడు, చూసినవాడు లేడు. శివపార్వతి మెడలో పుస్తెలు మెడలోనే ఉన్నాయి, నుదుటి బొట్టు నుదుటనే ఉంది. ఆయన పోయేనాటి ఫోను నంబరే ఇప్పటికీ వాడుతోంది. "ఈ సిమ్ముకు నెట్టే రాదమ్మా, మార్చు" అని రమణి మొత్తుకుంటుంది. ఎందుకు మార్చదో రమణి అడగదు, శివపార్వతి చెప్పదు.

ఈ సందెకు తిరునాళ్ల మొదలు. చీకటి పడితే స్విచ్చు వేస్తారు. నిన్న ట్రయల్ చూసింది పదిమందే. ఇవాళ చుట్టుపక్కల ఊళ్లన్నీ చూస్తాయి. ఆ తర్వాత తను ఎవరితో ఏమి చెప్పుకున్నా వినేవాడుండడు.

శివపార్వతి చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చింది.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పగటిపూట ఆ బోర్డు నల్ల అట్ట మీద తెల్లచుక్కలు గుచ్చినట్టుంది. గిద్యోను నిచ్చెన మీద నిలబడి వైర్లు బిగిస్తున్నాడు. లైటింగ్ దుకాణం అతనిది, ఈ వీధికి ఏటా దీపాలు కట్టేది అతనే.

"గిద్యోనూ, ఆ బోర్డు దించు."

"అక్కా?"

"చెవుడా? దించమంటుండా."

గిద్యోను నిచ్చెన మీద నుంచే అటూ ఇటూ చూశాడు. "నేనెట్ల దించేదక్కా? కమిటీ చెప్పల్ల."

"పేరుంటే ఉండనీలే. దాని ముందరిదీ ఎనకదీ పీకెయ్."

"అది మొత్తం ఒకటే షీటక్కా. ఒంగోలులో చేయించినారు. ఒకటి పీకితే అంతా ఆరిపోతది." అతను ఒక మెట్టు దిగి గొంతు తగ్గించాడు. "నేనడగకుండా రాయించినా అనుకోవద్దు. 'కీర్తిశేషులు' అని పెట్టాల్నా అని రెండుసార్లు అడిగినా. పెట్టమన్నారు."

"ఎవురు? మా బావనా?"

గిద్యోను మళ్లీ మెట్టెక్కి, బిగించిన వైరునే ఇంకోసారి బిగించాడు. "ఇంట్లో అడగక్కా," అన్నాడు అటు తిరిగి.

ఎదురింటి అరుగు మీద లక్ష్మీనరసమ్మ చేటలో బియ్యం పెట్టుకుని, బియ్యం తప్ప మిగతావన్నీ చూస్తోంది.

"దించితే ఒక్క బోర్డేందిలే, అంతా దించండి!" అంది అక్కడి నుంచే. "ముందరెంత బాగుండె! ఇంటింటి కిటికీలోంచి వైరు బయటికేస్తిమి. ఎవురి గుమ్మం ముందర దీపాలు ఆ ఇంటి మీటరుకే. సామి నా కరెంటులో నడిచిపోయినాడని ఏడాదంతా చెప్పుకుంటిమి. ఇప్పుడు వీధి మొత్తానికీ మీ ఇంటి స్విచ్చేనంట గదా?"

"ఈ లైట్లు కరెంటు తాగవు పెద్దమ్మా, ఒక మీటరు చాలు," అన్నాడు గిద్యోను.

"చాలుతదిలే! మేం మాత్రం మైల పడినోళ్ల మాదిరి వైరియ్యకుండా కూర్చోవాల్నా?"

ఆ మాటకు శివపార్వతి తలెత్తి ఆమె వైపు చూసింది.

ఈ వీధి పద్ధతి అది. చావు మైల ఉన్న ఇల్లు ఆ ఏడు తిరునాళ్లకు కరెంటివ్వదు. పక్కింటి వైరు ఆ గుమ్మాన్ని దాటుకుని అవతలింటికి పోతుంది. మధ్యలో ఆ జాగా చీకటిగా ఉంటే, ఎవరింట్లో ఏం జరిగిందని అడగకుండానే పోయేవాళ్లకు తెలిసిపోయేది. వెంకటకృష్ణ కనపడకుండా పోయిన మొదటి ఏడు, కమిటీవాళ్లు వీళ్ల గుమ్మం ముందు తటపటాయిస్తూ నిలబడ్డారు. వెంకటకృష్ణ తల్లి కృష్ణమ్మ తనే కిటికీలోంచి వైరు బయటికి విసిరి, "నా కొడుకు బతికుండాడు. నా ఇల్లు మైల గాదు, కట్టండి దీపాలు!" అని అరిచింది. అప్పటి నుంచి ఏటా వైరు విసిరేది కృష్ణమ్మే.

శివపార్వతి మరో మాట మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది. లక్ష్మీనరసమ్మకు నిరాశ కలిగింది. ఇంకాసేపు నడుస్తుందనుకుంది పాపం.

మధ్యాహ్నం అన్నాల వేళకు చెన్నకేశవులు ఇంటికి వచ్చాడు. వెంకటకృష్ణ అన్న, లైటింగ్ కమిటీ ప్రెసిడెంటు. మనిషి మంచివాడే గాని ఆ మంచితనానికి కాస్త చప్పుడెక్కువ. వెంట కమిటీ సెక్రటరీ ఏడుకొండలును తీసుకొచ్చాడు. బయటిమనిషి ఉంటే ఇంట్లో మాట పెరగదని ధైర్యం కాబోలు.

అతని పెళ్లాం స్వర్ణలత ఇద్దరికీ వడ్డించింది. కృష్ణమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. శివపార్వతి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బావా, ఆయన ఏ పొద్దు పోయినాడు?"

చెన్నకేశవులు ఎత్తిన ముద్ద పళ్లెంలో పెట్టాడు. "అన్నం ముందర అడిగే మాటనా ఇది?"

"పొద్దున్నుంచీ ఫోన్లో అడుగుతుండారు. ఏదో ఒక తేదీ చెప్పల్ల గదా."

"ఏడేండ్లాయె పార్వతీ. ఏడేండ్లు కనపడనోన్ని కోర్టే లేడంటది."

"కోర్టు అంటే అననీ. నువ్వెందుకంటివి?"

"నేనేం తప్పు చేసినానని?" చెన్నకేశవులు గొంతు పెరిగింది. "ఈ లైట్లకు చందాలెత్తితే యాడికీ సాల్లేదు. వీధి పరువు పోతాందని మందలో వాడి వంతు జీవాలమ్మి ఇచ్చినా. వాడిచ్చినాడని వాడి పేరే రాయించినా. నా పేరు ఏసుకున్నానా? ఏం ఏడుకొండలూ, నువ్వే చెప్పు, నా పేరొద్దని అన్నానా లేదా?"

"అన్నాడమ్మా," అన్నాడు ఏడుకొండలు పళ్లెంలోకి చూస్తూ.

"జీవాలమ్మేటప్పుడు నన్నడిగినావా బావా?"

"అడిగితే ఒప్పుకుంటివా?" అంది స్వర్ణలత వంటింటి గుమ్మంలోంచి. మొగుడి మీద తనకూ కోపమే ఉంది, కానీ దాన్ని బయటివాళ్ల ముందు చూపించే ఆడమనిషి కాదు.

"ఒప్పుకోను గాబట్టి అడగలేదు. అంతే గదక్కా!" అని శివపార్వతి బావ వైపే తిరిగింది. "సరే బావా. నీ మాటే నా మాట. ఆయన పోయినాడు. మనకు తెలిసింది నిన్న. చావు విన్న పొద్దు నుంచి గదా మైల! పుల్లలచెరువు నాగులు మామ ట్యాంకరు నీళ్లు తలకు పోసుకున్నాడంట. మనమింకా పోసుకోలేదు. అంటే మనది మైలిల్లు. ఏడుకొండలన్నా, నువ్వు పెద్దమనిషివి, నువ్వు చెప్పు. మైలింటి కరెంటుతో సామి ముందర లైట్లు ఎప్పుడన్నా ఎలిగినాయా ఈ వీధిలో?"

ఏడుకొండలు ముద్ద మింగడానికి నీళ్లు తాగాడు. మైలింట్లో కూర్చుని తింటున్నానా అన్న అనుమానం అప్పుడే వచ్చినట్టుంది, చెయ్యి పళ్లెంలోంచి వెనక్కి తీసుకున్నాడు.

"ఎలగలేదు," అన్నాడు చివరికి.

"మైలింటి దానం సామి తీసుకుంటాడా?"

"తీసుకోడు..."

"అయితే తోరణం మొత్తం దించండి. లేదు, ఆయన బతికే ఉండాడంటారా, ఆ బోర్డు ఒక్కటీ దించండి. రెండిట్లో మీ ఇష్టం."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చెన్నకేశవులు మొహంలో నెత్తురు లేదు. మరదలు ఇంతసేపు మాట్లాడగా అతను ఎప్పుడూ వినలేదు. ఈ ఏడేళ్లలో ఆమె గొంతు ఈ ఇంట్లో ఇంత పెద్దగా వినబడిందీ లేదు.

"కేశవులన్నా," అన్నాడు ఏడుకొండలు మెల్లగా. "ఆయమ్మ చెప్పేదాంట్లో న్యాయముండాది. బోర్డు దించేద్దాం. పోయేదేముంది?"

"దించితే నా మొహం యాడ పెట్టుకోవాల? ఊరంతా ఫొటో తీసినాక? బతికున్న తమ్ముడికి జ్ఞాపకార్థం రాయించిన బుద్ధిమంతుడని నవ్వరా?"

శివపార్వతి గెలిచాననే అనుకుంది. ఇంకొక్క మాటంటే బావ దిగొస్తాడు.

"మైల తీరిపోయింది."

అన్నది కృష్ణమ్మ. అందరూ గోడ వైపు తిరిగారు.

"నీళ్లు నేను పోసుకున్నా. శివరాత్రికి శ్రీశైలం పోయినా గదా, పాతాళగంగలో వాడి పేరు చెప్పి మునిగినా. కన్నదాన్ని, నేను మునిగినాక ఇంక మీకు మైలేంది?" ముసలామె ఎవరి మొహమూ చూడడం లేదు. "ఆ కీర్తిశేషులనేది రాయమన్నదీ నేనే. గిద్యోనుకు నేనే చెప్పినా. కేశవుల్ని ఏమనొద్దు."

శివపార్వతి చెయ్యి తనకు తెలియకుండానే పుస్తెల మీదికి పోయింది. ఏటా కిటికీలోంచి వైరు విసిరి, నా కొడుకు బతికుండాడని వీధినంతా సాక్ష్యం పెట్టిన మనిషి! ఈ ఇంట్లో తనకున్న ఒకే ఒక్క ఆసరా ఆ మాటే. ఎవరు ఎన్నన్నా అత్త నమ్ముతోంది కదా అని తనూ నమ్మింది. ఇప్పుడు ఆ నోటితోనే...

"అమ్మా!" చెన్నకేశవులు పళ్లెం తోసేసి లేచాడు. "నీకు కబురొచ్చిందా? ఆశ వదులుకుని రాయిస్తుండావనుకుంటి గాని... నిజంగా పోయినాడా కిష్టుడు?"

కృష్ణమ్మ తలూపింది. అతను ఎంగిలిచేత్తోనే గుంజ పట్టుకుని చిన్నపిల్లవాడిలా భోరుమన్నాడు. చూస్తున్న స్వర్ణలతకు ఏడుపొచ్చింది. ఏడుకొండలు చెయ్యి కడుక్కుని, "పెద్దామె చెప్పినాక ఇంకేముండాది, సందెకు వస్తాం," అని గొణిగి, చెప్పులు వెదుక్కుని వెళ్లిపోయాడు.

శివపార్వతి ఏడవలేదు. అత్త లేచి పెరట్లోకి పోతుంటే వెనకే పోయింది.

పెరట్లో గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. ఈనిన గొర్రెల్నీ, జబ్బు చేసినవాటినీ మందతో పంపకుండా ఇక్కడ కట్టేసుకునేవాళ్లు. ఇప్పుడు కట్టుకొయ్యలు మాత్రం ఉన్నాయి.

"ఎవురు చెప్పినారత్తా నీకు?"

"ఎవురూ చెప్పలేదు. చూసినా."

"శవాన్నా?"

కృష్ణమ్మ తలుపు దగ్గరికేసి వచ్చింది. "మనిషిని," అంది.

శివపార్వతికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం ఒళ్లంతా సంతోషం పొంగింది. బతికే ఉన్నాడు! దేవుడా, బతికే ఉన్నాడు! తర్వాత సిగ్గేసింది గాని, ముందు వచ్చింది మాత్రం సంతోషమే.

"యాడ? ఎట్లుండాడు? మరి తోడుకొని రాలేదేందత్తా?"

"శ్రీశైలంలో, దర్శనం లైన్లో నిలబడి ఉండాడు. పక్కన ఒక ఆడమనిషి. చంకలో బిడ్డ, వాడి పోలికే. ఆత్మకూరు నుంచి వచ్చినామని ఆయమ్మ పక్కోళ్లతో చెప్తాంటే విన్నా." కృష్ణమ్మ కట్టుకొయ్య పట్టుకుని కూర్చుంది. "ఒరే కిష్టా అని పిలిచినా. చూసినాడు. నా కండ్లలోకే చూసినాడు పార్వతీ, చూడలేదని అనుకోవద్దు. చూసి తలకాయ తిప్పుకున్నాడు. ఎవురామె అని ఆయమ్మ అడిగితే, ఎవురో, మతి లేనట్టుండాది, అన్నాడు."

ఆ మాట చెప్పడానికే ఆమె ఇన్నాళ్లు నోరు మూసుకున్నట్టుంది. చెప్పాక చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అప్పటికే ఒకసారి మునిగొచ్చినా, పుణ్యానికి. మళ్లీ మెట్లన్నీ దిగిపోయినా. రెండోసారి మునిగింది పుణ్యానికి గాదు."

శివపార్వతి సంతోషం ఎక్కడికి పోయిందో పోయింది. దాని జాగాలో మంట మొదలైంది. మొగుడి మీదనా, అత్త మీదనా, ఏడేళ్లు ఛార్జింగ్ పెడుతూ వచ్చిన ఆ ఫోను మీదనా, ఆమెకే తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు? ఆత్మకూరు బస్సెక్కుతావు. పోయి వాడి కాళ్లు పట్టుకుంటావు. నన్నే ఎవురో అన్నోడు నిన్నేమంటాడు?"

"ఏమంటే ఏం? నా మొగుడు నన్నంటాడు. మధ్యలో చంపేదానికి నువ్వెవురు?"

"అరుచుకో. ఇంకా అరుచుకో. కానీ ఇది ఇను." కృష్ణమ్మ కోడలి కొంగు పట్టి కూర్చోబెట్టింది. "పారిపోయినోడి పెండ్లానికి ఏమొస్తది? ఏం చేసి తరిమినావో అనే మాటొస్తది. పోయినోడి పెండ్లానికైతే వాటా వస్తది. కేశవులు చెడ్డోడు గాదు. కానీ కిష్టుడి వంతు జీవాలు అమ్మినాడా లేదా? రేపు తర్లుపాడు రోడ్డు చేను అమ్ముతాడు. దానికీ మంచి కారణమే ఉంటది వాడి దగ్గర. వద్దని అడ్డం పడే హక్కు నీకు రావాలంటే కిష్టుడు పోవాల."

"నా బొట్టు తీసి నాకు చేనిస్తావా అత్తా?"

"బొట్టు నీది, నీ ఇష్టం. పేరు నాది. నేను పెట్టినా, నేను తీసేసినా."

ఇంట్లో చెన్నకేశవులు ఏడుపు సన్నగా వినబడుతూనే ఉంది. తమ్ముడి కోసం అంత నిజంగా ఏడ్చే మనిషికి ఇప్పుడు ఏ నిజం చెప్పాలి?

"రమణికి తెలుసునా?" అంది శివపార్వతి.

"తెలీదు. ఈ మాట మన ఇద్దరిదీ." కృష్ణమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "సందెకు నన్ను స్విచ్చేయమని పిలుస్తారు. నేను ఏయను, నువ్వేస్తేనే లైట్లు. కాదు, ఫీజు పీకి బాయిలో పారేస్తానంటే పారెయ్. ఊరంతా తిట్టినా నేనడ్డం రాను."

పొద్దు గుంకింది. వీధి మొగదల డప్పులు మొదలయ్యాయి. బొరుగుల దుకాణాలవాళ్లు, పిల్లలు, పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో దిగినవాళ్లు తోరణం కింద గుమిగూడారు. నాగులు మామ కూడా దిగాడు, సంచీ చంకలో పెట్టుకుని దిగాలుగా. ఇల్లిల్లూ చీకటిగానే ఉంది, దీపాలు ఒకేసారి వెలగాలని కమిటీ చెప్పిందట. లక్ష్మీనరసమ్మ మాత్రం తన గుమ్మం లైటు ఆర్పలేదు. దేవుడికి నా కరెంటూ కాస్త తగలనీ అని కూర్చుంది.

ఏడుకొండలు పంచలోకి వచ్చాడు. "పెద్దామెను పిలవండమ్మా. టైమయింది."

కృష్ణమ్మ గోడ దగ్గర నుంచి కదల్లేదు.

లోపలి గదిలో శివపార్వతి అద్దం ముందు నిలబడి ఉంది. కడిగిన మొహం. చేతిలో కుంకుమ భరిణె. ఎంతసేపు అలా నిలబడిందో రమణికి భయమేసి, "అమ్మా" అని పిలిచింది.

"వస్తున్నా," అంది శివపార్వతి.

ఆమె పంచలోకి వచ్చేసరికి ఏడుకొండలు ఏదో అనబోయి ఆగిపోయాడు. నుదుటి నిండా బొట్టు. రోజూ పెట్టుకునే దానికి రెండింతలుంది. చేతుల నిండా ఎర్రగాజులు, తల్లో పూలు. ఎవరి వైపూ చూడకుండా స్విచ్ బోర్డు దగ్గరికి పోయింది. వేలు స్విచ్చు మీద పెట్టింది.

స్విచ్చు వేసింది.

వీధి చివరిదాకా ఒక్కసారిగా వెలుగు పరుచుకుంది. జనం హో అని అరిచారు. తోరణం మీద శంఖచక్రాలు తిరిగాయి, కింద బోర్డు ఎర్రగా వెలిగి తన మాట చెప్పింది. జనం తలలెత్తి చదివారు. చదివి, పేరున్న ఇంటి గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఆ కీర్తిశేషుడి పెళ్లాం ముత్తైదువలా నిలబడి ఉంది.

అరుపులు తగ్గిపోయాయి. డప్పులవాళ్లు మాత్రం ఏమీ తెలియక కొడుతూనే ఉన్నారు.

"ఏందే పార్వతీ ఇది?" లక్ష్మీనరసమ్మే ముందు అడిగింది. చెన్నకేశవులు గుంపులోంచి తోసుకుంటూ వస్తున్నాడు. ఏడ్చి ఉబ్బిన మొహం ఇప్పుడు కోపంతో ఎర్రబడింది. "నా తమ్ముడు పోతే నీకు పండగా!" అంటున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. తెలియని నంబరు. ఇంకో పరామర్శ అనుకుని, బావకు జవాబు చెప్పే కంటే అదే నయమని, శివపార్వతి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల ఊపిరి వినబడింది. తర్వాత గొంతు.

"పార్వతీ."

ఏడేళ్లయినా ఆ గొంతు మారలేదు. ఆమె గుంజ పట్టుకుంది.

"ఏంది ఈ పని? ఎవురు రాయించినారు ఆ బోర్డు? ఫొటో ఈడిదాకా వచ్చింది. దుకాణానికి వచ్చినోడల్లా చూపిస్తుండాడు. నేనీ ఊర్లో తలకాయెట్ల ఎత్తుకునేది? ముందు దాన్ని దించమని చెప్పు. నేను బతికే ఉండానని చెప్పు వాళ్లకు!"

ఎట్లున్నావని అడగలేదు. బిడ్డ ఎట్లుందని అడగలేదు. అమ్మ పేరెత్తలేదు. శివపార్వతి వింటూనే ఉంది, ఇంకొక్క మాట వస్తుందేమోనని. రాలేదు. ఏడేళ్లు ఆ నంబరును కాపాడుకున్నది ఈ మాటలు వినడానికా!

ఫోను కట్టేసింది.

"ఎవురమ్మా?" అంది రమణి.

శివపార్వతి కూతుర్ని చూసింది, తర్వాత గోడ దగ్గర నిలబడిన అత్తను చూసింది.

"ఎవురో," అంది. "మతి లేనట్టుండాది."

కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం గోడకు తిప్పుకుంది. చెన్నకేశవులు పంచ మెట్లు ఎక్కుతున్నాడు.

ఫోను మళ్లీ మోగింది. అదే నంబరు. శివపార్వతి చెయ్యి లేచేలోపే రమణి ఫోను లాక్కుంది. హలో అంది. కాసేపు విన్నది. వింటూ తోరణం వైపు చూసింది, అక్కడ అక్షరాలు పచ్చరంగులోకి మారుతున్నాయి.

"అమ్మా, ఈయనెవురో మా నాయన పేరు చెప్తుండాడే!" అంది రమణి, పెదనాయన వినేంత గట్టిగా.